పరుల పొలమున బాట

వేసవి సెలవులలో దూరదేశమునకు పోయివచ్చిన బడిపంతులు ఊరు చేరగానే రెండు ప్రశ్నలకు ఉత్తరము చెప్పవలసియుండును. "ఏమేమి చూచితిరి?" అనునది మొదటిది, "ఎంత ఖర్చయినది?" అనునది రెండవది. రెండవదానికి ఉత్తరము మా తమ్ముడెఱుగును. అతడు స్కాట్లండు దేశమున పెర్త్ పట్టణమునందు వైద్యుడుగా నుండి, రాకపోకల వ్యయమంతయు తానే భరించి, మమ్ము నెలదినములు తన యింట నుంచుకొనెను. మొదటిదానికి ఉత్తరముగా ఈ వ్యాసమును వ్రాయబూనితిమి. కాని కలము పట్టిన పిమ్మట, చూచిన వింతలన్నిటికంటె ఒక చిన్న కఱ్ఱగేటు మా మనస్సున ఎక్కువ చోటు నాక్రమించియున్నట్లు తెలిసికొంటిమి. దానిని గుఱించి చెప్పుటకు ముందు ఆ సీమ యెట్టిదో చెప్పవలయును.

పెర్త్ నగరమునకు వాయవ్యముగా సుమారు 32 మైళ్ళు పోయినచో, టే నది యొడ్డున ఆబర్‌ఫెల్డీ యను చిన్న యూరు కలదు. కొండలు, పచ్చికబయళ్ళు, రాతిగోడల నడుమ గొఱ్ఱెల మందలు, నాలుగు వీథులు, ఓట్లధాన్యము విసరు పాత నీటిమరలో వెలసిన యొక పుస్తకాలయము, ఇంతియే యా యూరు. ఈ యూర దిగి, ప్రతిదినము ఉదయమున బయలుదేరి సాయంకాలమునకు మరల చేరదగిన చోట్లను ఒక్కొక్కటిగా చూచుట అచ్చటికి వచ్చువారి పద్ధతి. మేమును అట్లే చేసితిమి. మే మాసమున అచ్చట ప్రొద్దు తొమ్మిదిన్నర గంటలకుగాని క్రుంకదు. సంధ్యావందనపరులకు చిక్కేగాని, నడచువారికి అంతకంటె భాగ్యము లేదు. మా మరదలు వేకువనే లేచి పులిహోర కలిపి డబ్బాలో పెట్టి యిచ్చెడిది. గొడుగులను గాలి తలక్రిందులు చేయునని చెప్పి, వానకోటులు మాత్రము చేతికిచ్చెడిది.

మొదటి దినమున ఊరి వంతెనను చూచితిమి. సేనాని జార్జి వేడ్ అను నాతడు 1733లో దీనిని కట్టించెను. విలియం ఆడమ్ అను శిల్పి దీనికి రూపకల్పన చేసెను. అయిదు కమానులు, నాలుగు స్తంభశిఖరములు గల యీ వంతెనమీద నేటికిని బండ్లు పోవుచున్నవి. కొండసీమల ప్రజలు రాజుపై తిరుగబడకుండ సైన్యమును త్వరగా నడుపుటకై వేడ్ వేయించిన బాటలలో నిది యొక భాగము. చిత్రమేమన, 1745లో తిరుగుబాటుదారులు ఆ బాటలనే పట్టి దక్షిణమునకు నడచిరి. బాట వేసినవాడు ఎవరికొఱకు వేసినను, అది నడచువానిని కులగోత్రములడుగదు. సంస్కృతమున తీర్థశబ్దమునకు దాటు రేవనియు అర్థము కలదు. ఎల్లరు దాటదగిన చోటే పుణ్యస్థలమని మేము తరగతిలో పిల్లలకు చాలకాలముగా చెప్పుచున్నాము. ఈ మాటను చదువరులు జ్ఞాపకముంచుకొందురుగాక. తరువాత మాకే యిది ఎదురు తిరుగును.

ఊరికి ఆనుకొని యున్న కొండలోయను "బర్క్స్" అందురు. బర్క్ అనగా ఆ ప్రాంతపు మాటలో బర్చి చెట్టు. ఇంగ్లీషు బర్చి పదమును, మన భూర్జపదమును ఒకే మూలమునుండి పుట్టినవని భాషావేత్తలందురు. మన పూర్వులు గ్రంథములు వ్రాసికొన్న భూర్జపత్రముల కుటుంబపు వృక్షముల క్రింద నిలిచి, తెల్లని బెరడును చేతితో తడవినప్పుడు, చిన్ననాడు విడిపోయిన బంధువును చూచినట్లాయెను. 1787లో రాబర్టు బర్న్స్ కవి ఈ లోయకు వచ్చి యొక పాట కట్టెను. ఆ పాటవలననే లోయకీ పేరు స్థిరపడినది. ఒకవైపున ఏటిప్రక్కగా ఎక్కి, పైనున్న జలపాతముమీది వంతెన దాటి, రెండవవైపున దిగిరావచ్చును. బర్న్స్ కౌలురైతు కుమారుడు. ఆ మాట తలచుకొనుచు నడచిన కొలది, ఈ యందము ఎవరిది అను ప్రశ్న మెల్లగా మాలో మొలకెత్తసాగెను.

రెండవ దినమున ఎనిమిది మైళ్ళ దూరముననున్న ఫోర్టింగాల్ గ్రామమునకు పోతిమి. అచ్చటి చర్చి ఆవరణలోని యూ వృక్షము మిక్కిలి ప్రాచీనమైనది. దాని వయస్సు రెండువేల యేండ్లని కొందఱు, మూడువేలని కొందఱు, అయిదువేలని మఱికొందఱు. 1769లో కొలిచినప్పుడు మొదలు చుట్టుకొలత 52 అడుగులుండెనట. ఇప్పుడు బోదె నడుమ శిథిలమై ముక్కలుగా మిగిలినది. పూర్వపు చుట్టుకొలత తెలియుటకై నేలలో మేకులు పాతినారు. చెట్టును చూడవచ్చినవారు గుర్తుగా తలకొక ముక్క విఱిచికొని పోవుటచే, తుదకు చుట్టును గోడ కట్టవలసివచ్చెను. మన దేవాలయ స్తంభములమీద పేర్లు చెక్కువారికి వీరు దూరపు చుట్టములు. అంత గాయపడిన చెట్టు 2015లో ఒక వింత చేసెను. అది మగచెట్టని యెల్లరు ఎఱుగుదురు. అట్టి చెట్టున ఒక్క కొమ్మ ఎఱ్ఱని పండ్లు కాచెను! అంతటి ముదిమిలోను మాఱుట సాధ్యమన్నమాట.

ఆ దినమున తిరుగుదారిలో మాకా గేటు ఎదురైనది. నది యొడ్డునకు పోవలెనన్న పచ్చికబీడొకటి దాటవలయును. దానికి రాతిగోడ, గోడకు కఱ్ఱగేటు, లోపల గొఱ్ఱెలు, వాటి వెంట నెలదినముల పిల్లలు. మేము గేటు కడ ఆగిపోతిమి. తమ్ముడు కొక్కెము తీసి లోపలికి పోయి, "రా అన్నయ్యా" అనెను. "ఎవరిదిరా యీ పొలము?" అంటిమి. "ఎవరిదో. రా" అనెను. పరుల పొలమున అడుగిడుటకు మా కాలు రాలేదు. ఇంతలో నాలుగు చక్రముల చిన్న బండిమీద మోకాటి బూట్లు తొడిగిన యొక పెద్దామె మా వైపు రాసాగెను. ఆమె చూపు మామీద పడగానే మేము "క్షమింపుడు, పరదేశులము, దారి తెలియక..." అని మొదలిడితిమి. ఆమెకు మా క్షమాపణ అర్థము కాలేదు. "గోడ ప్రక్కగా పొండు. మంద నడుమ పోయినచో పిల్లలు తల్లులను విడిచి పరుగెత్తును. గేటు మాత్రము మఱవక వేయుడు" అని చెప్పి, వాన వచ్చునట్లున్నదని ఆకసమువైపు చూపి, తన పనిమీద వెడలిపోయెను.

అనుమతి ఇచ్చినట్లుగాని, దయ చూపినట్లుగాని ఆమె మాటలో లేదు. ఇచ్చుటకు ఆమె చేతిలో ఏమియు లేదు. అది మాకు ముందే యున్నది. స్కాట్లండు శాసనసభ 2003లో చేసిన భూసంస్కరణ చట్టము ప్రకారము, ఎవరైనను, ఏ దేశమువారైనను, అచ్చటి పొలములు, కొండలు, అడవులు, సరస్సులలో చాలవానిని బాధ్యతతో దాటిపోవుటకు, విహరించుటకు హక్కు కలవారు. 2005 నుండి ఇది అమలులోనున్నది. ఇండ్ల పెరళ్ళు, బడి ఆవరణలు, పైరు నిలిచిన చేలు మొదలైనవి ఈ హక్కుకు లోబడవు; పైరుచేని అంచున నడువవచ్చును. పశువులను బెదరింపరాదు, చెత్త వేయరాదు, తెఱచిన గేటును తెఱచినట్లు, మూసిన గేటును మూసినట్లు విడువవలయును. యజమానియు కారణములేక అడ్డు పెట్టరాదు. పొరుగుననున్న ఇంగ్లండులో సైతము ఇంతటి విశాలమైన హక్కు లేదు.

ఇట్టి చట్టము ఒక్కనాట పుట్టినది కాదు. దాని పూర్వకథ తెలిసికొనుటకై మఱునాడు బ్లెయిర్ ఆథోల్ కడనున్న గ్లెన్ టిల్ట్ లోయకు పోతిమి. గ్లెన్ అనగా కొండల నడిమి సన్నని లోయ. 1847లో ఎడింబరో విశ్వవిద్యాలయపు వృక్షశాస్త్రాచార్యుడు జాన్ హట్టన్ బాల్ఫర్ తన శిష్యులతో మొక్కలు సేకరించుచు ఆ లోయ వెంట దిగివచ్చుచుండగా, భూస్వామియైన ఆథోల్ ప్రభువు తన సేవకులతో అడ్డగించి, వచ్చిన దారినే మరలిపొమ్మని శాసించెను. ఆచార్యుడు వాదించెను, ప్రభువు వినలేదు. చివరకు గురుశిష్యులు గోడ దాటి ఊరివైపు పోయిరి. ఈ సంగతిపై వ్యాజ్యము నడచి, ఆ బాటపై ప్రజలకు హక్కు కలదని స్థిరపడెను. 1884లో జేమ్స్ బ్రైస్ అను సభ్యుడు కొండలపై ఎల్లరకు ప్రవేశము కలిగింపవలయునని పార్లమెంటులో బిల్లు ప్రవేశపెట్టెను, అది నెగ్గలేదు. గ్లెన్ టిల్ట్‌లో ఆచార్యుని నిలిపిన నాటినుండి 2003 వఱకు లెక్కించినచో 156 సంవత్సరములు. పిల్లలను వెంటబెట్టుకొని పాఠము కొఱకు నడచిన యొక ఉపాధ్యాయుని కాలు ఈ కథలో ఉన్నందులకు మాకు కొంత గర్వమును కలిగెను. ఆ గర్వము ఎక్కువకాలము నిలువలేదు.

తిరుగుదారిలో పిట్లాఖ్రీ యను పట్టణమున ఇంకొక బాటను చూచితిమి. ఇది మనుష్యులది కాదు. ఇరువదవ శతాబ్దపు మధ్యకాలమున విద్యుత్తు కొఱకు అచ్చట నదికి ఆనకట్ట కట్టిరి. సాల్మన్ చేపలు సముద్రమునుండి తాము పుట్టిన యేళ్ళకు ఎగబ్రాకి గ్రుడ్లు పెట్టును. కట్ట అడ్డమైనచో వాటి వంశము నశించును. అందుచే కట్ట ప్రక్కన 34 తొట్లను మెట్లవలె ఒకదానికంటె నొకటి ఎత్తుగా కట్టి, చేపకు దారి యిచ్చిరి. తరతరముల బాటను మూసినవాడు మాఱుబాట చూపవలయుననుట అచ్చట చేపల యెడ సైతము ధర్మమే. కాని ఆ సీమలోని మనుష్యులకు ఈ ధర్మము ఎల్లప్పుడును జరిగినదనుకొన్నచో పొరబాటు.

ఆ సంగతి లాఖ్ టే కడ తెలిసినది. లాఖ్ అనగా సరస్సు. ఇది పదునాలుగు మైళ్ళకు పైబడిన పొడవుగల గొప్ప సరస్సు. దాని తూర్పు కొసను కెన్మోర్ గ్రామము. రెండువేల అయిదువందల యేండ్లనాడు ప్రజలు ఈ సరస్సులో గుంజలు పాతి, వాటిపై గుండ్రని యిండ్లు కట్టుకొని నివసించిరి. వీటిని క్రానోగులందురు. ఈ యొక్క సరస్సుననే 18 క్రానోగుల గుర్తులు దొరికినవి. నీటి యడుగున బురదలో వెదకినవారికి కొయ్యతో చేసిన వెన్నగిన్నె యొకటి, దానిని అంటియున్న వెన్నతోడనే దొరికినది! 1997లో తెఱచిన ప్రదర్శనశాలలోని నమూనా క్రానోగు 2021 జూనులో అగ్నికి ఆహుతికాగా, ఉత్తరపుటొడ్డున విశాలమైన చోట క్రొత్తశాలను 2024లో తెఱచినారు. అచ్చట నూలు వడకుట, కొయ్య చెక్కుట, తిరుగలి త్రిప్పుట కనులారా చూడవచ్చును. పిల్లలుగల కుటుంబములు ఒక పూట యంతయు అచ్చట గడుపదగును.

సరస్సునకు ఉత్తరముగా బెన్ లాయర్స్ పర్వతము 1214 మీటర్ల యెత్తున నిలిచియున్నది. దాని దక్షిణపు సానువులు 1950 నుండి స్కాట్లండు జాతీయ న్యాసము వారి సంరక్షణలో నున్నవి. అపురూపమైన కొండపూల మొక్కలకు అది నెలవు. ఏటి ప్రక్క కొంత మేర గొఱ్ఱెలు, లేళ్ళు చొరకుండ కంచె వేయగా, లోపల చెట్లు తమంతట మరల మొలచి యెదిగినవి. శిఖరమెక్కుటకు మా ఊపిరి చాలలేదు. దిగువ సానువులలో తిరిగితిమి. పచ్చిక నడుమ మోకాలెత్తు రాతిగోడలు చాల కనబడెను. పశువుల దొడ్లు కాబోలుననుకొంటిమి. కావు, అవి యిండ్లు. కొన్ని, వేసవిలో స్త్రీలును పిల్లలును పశువులను తోలుకొనిపోయి వెన్న, జున్ను చేసికొన్న కొండకొట్టములు. మఱికొన్ని, ఏడాదిపొడవున కాపురమున్న కుటుంబములవి. పందొమ్మిదవ శతాబ్దమున, అందును 1830 తరువాత, బ్రెడాల్బేన్ ప్రభువు కాలమున, ఈ సరస్సుతీరపు కౌలుదారులను పెక్కురను తొలగించి భూమిని పెద్ద గొఱ్ఱెల దొడ్లక్రింద కలిపిరి. వారిలో అనేకులు ఓడలెక్కి కెనడాకు పోయిరి. నేటికిని స్కాట్లండునందు ప్రైవేటు గ్రామభూమిలో సగము అయిదువందలకు తక్కువమంది యజమానుల చేతులలో నున్నదని అంచనా.

కావున చదువరులు ఆ దేశమును స్వర్గమని భ్రమపడవలదు. అచ్చట నడచుటకు హక్కు దొరికినది. కాని ఆ హక్కు ఎవరికి ముందుగా చెందవలసియుండెనో వారి మునిమనుమలు సముద్రమునకు ఆవల నున్నారు. మనము మెచ్చుకొను ఆ నిశ్శబ్దము కొంతవఱకు వెళ్ళగొట్టబడినవారి నిశ్శబ్దము. చూడవచ్చినవాడు అందమును చూచుటతోపాటు, ఇచ్చట ఎవరుండిరి, ఎవరు పోయిరి, ఏ దారి మూయబడెను అని యడుగవలయును. అట్లడుగనివాడు ఎన్ని మైళ్ళు తిరిగినను కూర్చున్నచోటనే యున్నాడు.

ఆ రాళ్ళ నడుమ కూర్చుండి పులిహోర తినుచుండగా తమ్ముడు అకస్మాత్తుగా "అన్నయ్యా, మన దక్షిణపు చేను కంచె ఇంకను ఉన్నదా?" అనెను. ముద్ద మా గొంతున నిలిచిపోయెను.

ఉన్నది. మా యూరికి దక్షిణమున దళితవాడ కలదు. అచ్చటినుండి బడికి, బస్సులాగు చోటికి పూర్వము మా చేను గట్టుమీదుగా బాట యుండెడిది. రెండు ఫర్లాంగుల దూరము. మా తాతగారు ఆ గట్టుకు తుమ్మకంప వేయించిరి. పశువులు పైరు మేయుచున్నవని ఆయన చెప్పిన కారణము. గట్టు ప్రక్కన మా మంచినీళ్ళ బావి యుండెననునది చెప్పని కారణము. మా తండ్రిగారు కంప తీసి ముళ్ళతీగ కట్టించిరి. బావి యెండి మూతపడి యిరువదియేండ్లయినది. తీగ మాత్రము నిలిచియున్నది. వాడవారు చెఱువుకట్ట చుట్టి మైలున్నర నడచి వచ్చుచున్నారు. మేము ఆ బడిలోనే పదునెనిమిదేండ్లుగా పని చేయుచున్నాము. ప్రార్థన కాలమునకు రానివారిని బయట నిలువబెట్టుట, పట్టీలో ఎఱ్ఱసిరాతో గుర్తు వేయుట మా నియమము. అట్లు నిలిచినవారిలో ఎక్కువమంది ఏ వైపునుండి వచ్చుచున్నారో మేమెఱుగనివారము కాము, ఎఱుగదలపనివారము. తీర్థశబ్దమునకు అర్థము చెప్పినదియు ఈ నోటితోనే.

బావులు, చెఱువులు, బాటలవంటి ప్రజోపయోగస్థలములలో కులమును బట్టి ఎవరిని అడ్డగింపరాదని 1950 నుండి మన రాజ్యాంగము చెప్పుచున్నది. కాని సొంత చేను గట్టుకు కట్టిన తీగ ఆ మాటకు దొరకదు. చట్టము చేరలేని చోట మనుష్యుని సిగ్గు పని చేయవలయును. మా సిగ్గు వేల మైళ్ళు ప్రయాణము చేసి, పరదేశపు గొఱ్ఱెల బీటిలో మేల్కొన్నదని చెప్పుకొనుట గౌరవముగా లేదు, అయినను నిజము.

జూను మొదటివారమున ఊరు చేరి, ఆ చేనిలో భాగస్థుడైన మా పెదనాన్నగారి కుమారునితో మాటాడితిమి. "ఈనాడు బాట యందురు, రేపు రోడ్డు వేయుమందురు" అనెను. మూడు దినములు వాదించిన పిమ్మట, మా భాగమున నీ యిష్టమనెను. తీగ కొంత మేర కత్తిరించి, ఊరి వెల్డరుచేత చిన్న యినుపగేటు చేయించి పెట్టించితిమి. తాళము పెట్టలేదు. బడి తెఱచిన నాటినుండి వారము దినములు ఆ దారిని ఒక్కరును రాలేదు. మూడు తరముల అలవాటు గేటు పెట్టగానే పోవునా?

ఎనిమిదవ దినమున మేము గట్టుమీద నిలిచియుండగా, ఏడవ తరగతి బాలిక యొకతె సైకిలు దిగి గేటు అవతల ఆగినది. "మాస్టారూ, ఇటు రావచ్చునాండీ?" అని యడిగినది. ఫోర్టింగాల్ దారిలో గేటు కడ మేము నిలిచిన విధమే అది. కాని మేమచ్చట పరదేశులము. ఈ పిల్ల తన యూరిలో అడుగుచున్నది. "రావచ్చునమ్మా. గేటు వేసి రా" అంటిమి. అనిన వెంటనే ఆ మాటలోని కొఱత తెలిసినది. మేమిచ్చినది అనుమతి; ఆమెకు కావలసినది హక్కు. మేము రేపు మనసు మార్చుకొన్నచో, మా కుమారుడు తాళము తెచ్చినచో, ఆ బాట మరల లేదు. అందుచే గట్టును బాటక్రింద గ్రామపంచాయతీకి వ్రాసి యిచ్చు పత్రము సిద్ధము చేయించితిమి. దానికి భాగస్థుని సంతకము కూడ కావలయును. ఆయన ఇంకను చేయలేదు. ప్రతి ఆదివారము పోయి అడుగుచున్నాము.

ఆ బాలిక ఆనాడు మొదటి గంటకు ముందే తరగతిలో కూర్చున్నది. హాజరు వేయుటకై పట్టీ తెఱచితిమి. పాత పట్టీలు అలమారులో నున్నవి. వాటిలోని ఎఱ్ఱసిరా గుర్తులను తుడుచుటకు వీలులేదు.